నీలం కారుకి రెండో పక్క

అంజార్,
1997 జూలై 6

నుబార్‌కి,

నువ్వు క్షేమంగా ఉన్నావని తోరోస్ చెప్పాడు. మన ఊరికీ నీ పట్నానికీ మధ్య మినీబస్సు నడిపేవాడికి మన రెండిళ్ళ కబుర్లూ కావాలి. పోయినసారి నీకు పంపిన వంకాయ ఊరగాయ సగం సీసానే చేరిందని విన్నాను. మిగతా సగం సంగతి ఆ తోరోస్ పొట్టనే అడగాలి. అందుకే ఈసారి జాము పంపుతున్నాను, వాడికి తీపి పడదు.

అసలు సంగతికి వస్తాను. అత్తయ్య పోయి మూడు నెలలు దాటింది. ఆవిడ బతికున్నంత కాలం మీ అన్నయ్య పేరు చర్చిలో చనిపోయినవాళ్ళతో కలిపి చదవనివ్వలేదు. పెద్ద పండగల మర్నాడు వచ్చే ప్రతి మృతుల సోమవారం నాడూ ఫాదర్ గారు పేర్లు చదువుతుంటే, ఎవరైనా జావెన్ పేరు ఇచ్చేశారేమోనని నా చెయ్యి నొక్కి పట్టుకునేది. యుద్ధం రోజుల్లో ఒక పొద్దున్న కారెక్కి వెళ్ళిన మనిషి. శవం లేదు, కారు లేదు, కబురు లేదు. పద్నాలుగేళ్ళయింది. ఆవిడ కోసం నేనూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఎవరి కోసం మూసుకోవాలి?

ఇంకో మాట. తోరోస్ ఎలాగూ చెబుతాడు కాబట్టి నేనే చెబుతున్నాను. చేపల హోటలు సెరోప్ నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఎవరినీ రాయబారం పంపలేదు. తనే వచ్చి గుమ్మంలో నిలబడి, చెర్రీల బుట్ట కింద పెట్టి, నేల చూపులు చూస్తూ అడిగాడు. భార్య పోయి చాలాకాలమైంది. మంచివాడే, నవ్వడం తెలీదు, అంతే. ముందు నేను పెళ్ళాన్నో విధవనో తేలనివ్వండి అన్నాను. సరే అని వెళ్ళిపోయాడు. బుట్ట మాత్రం వదిలేశాడు, ఆ జాము ఆ చెర్రీలదే.

ద్రాక్షపళ్ళ దీవెన ఆదివారం మర్నాడు జావెన్ పేరు చదివించాలనుకుంటున్నాను. ఆయన రక్తం పంచుకున్నవాడివి నువ్వొక్కడివే మిగిలావు. నీ సమ్మతి లేకుండా పేరు ఇవ్వను. బొమ్మ కార్లతో కాపురం చేస్తున్న పెద్దమనిషివి, కాస్త తీరిక చేసుకుని "సరే వదినా" అని రెండు ముక్కలు రాయి.

నీ వదిన,
అజ్నీవ్


బుర్జ్ హమ్మూద్,
1997 జూలై 13

వదినకి,

జాము సీసా నిండుగానే చేరింది. రొట్టెకి రాసుకుని తింటూనే రాస్తున్నాను, కాయితం మీద మరక పడితే తిట్టుకోకు.

బొమ్మ కార్లని వెక్కిరించావు, పడతాను. పగలు ఉంగరాలకి రాళ్ళు పొదుగుతాను, పొద్దు వాలాక అదే బల్ల మీద అవే ఆకురాళ్ళతో లోహపు పోత కార్లు పట్టుకు కూర్చుంటాను. ఈ వారం ఒక పళ్ళ డాక్టరు తన చిన్న రేసు కారు తెచ్చిచ్చాడు. కంపెనీ రంగు అంతా ఊడదీసి, లోహాన్ని నున్నగా రాసి, పొర మీద పొర రంగు వేసి అద్దంలా మెరుగుపెట్టాను. తీరా చూసి, తన అసలు కారు మీద ఎన్ని గీతలున్నాయో అన్నీ దీని మీదా పెట్టమన్నాడు. పెట్టాను. కారు అందంగా ఉంటే చాలదు వదినా వీళ్ళకి, తమ కారే కావాలి.

నీ ప్రశ్నకి "సరే వదినా" అని రాద్దామనే కాయితం తీశాను. సెరోప్ గురించి నేను చెప్పేదేముంది, నీకు ఎవరైనా తోడుంటే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ పొద్దున్న ఒకటి జరిగింది.

నది పక్క ఆదివారం సంతలో పాత సామాన్ల గుట్టలో ఒక ఆల్పైన్ బొమ్మ కారు కనిపించింది. జానెడు కూడా లేదు. నీలం రంగు. ఎవరో దాని మీద చేత్తో పని చేశారు. ఎడమ ముందు చక్రం పైన సొట్ట ఉంది, నిమ్మకాయల బండి వాడు గుద్దిన చోటే, ఆ వంపులోనే. ముందద్దం ఎడమ మూల పగులు. లోపల డ్రైవరు సీటుకి గోధుమ రంగు చారల గుడ్డ, అమ్మ పాత పరుపు చింపి కుట్టిన గుడ్డ లాంటిదే. అద్దానికి పూస వేలాడుతోంది. వదినా, అది అన్నయ్య కారు. బేరమాడకుండా కొనేశాను.

ఇంకా వింతేమిటంటే, ఈ అచ్చు అంగళ్ళకి వచ్చి అయిదారేళ్ళే. మా బోటివాళ్ళకి అది అడుగు చూస్తే తెలుస్తుంది. అంటే ఈ పని అన్నయ్య కనిపించకుండా పోయిన చాలా ఏళ్ళకి ఎవరో చేశారు. కుడి పక్క పనేం చేయలేదు, సగంలో ఆపి అమ్మేసుకున్నట్టున్నాడు. పక్క సీట్లో గుండ్రటి మూట ఒకటి ఉంది, హెల్మెట్టో ఏమిటో నాకు అర్థం కాలేదు.

తోరోస్ చేత పంపుతున్నాను. చూసి చెప్పు. నాకే భ్రమ పుట్టిందేమో.

నుబార్


అంజార్,
1997 జూలై 18

నుబార్,

అది హెల్మెట్టు కాదు. పళ్ళెం.

ఎలా రాయాలో తెలియడం లేదు. ఆయన వెళ్ళిన రోజు పొద్దున్న మేం పోట్లాడుకున్నాం. నాకు ఒంట్లో బాగులేక ఆగిపోయానని మీ అందరికీ చెప్పాను కదా, అది నిజం కాదు. కొండ మలుపుల్లో ఆయన తోలే తోలుడికి నాకు వాంతులయ్యేవి. ఆ సంగతి అత్తయ్య ముందు చెప్పి నవ్వాడు. నాకు ఒళ్ళు మండి, ఈసారి మా పుట్టింటికి నువ్వే వెళ్ళు, నేను రానన్నాను. నువ్వు రాకపోతే నీ సీట్లో ఎవరు కూర్చుంటారే అన్నాడు. తెల్లవారకముందే లేచి మా అమ్మకోసం చేసిన చీజు పొరల రొట్టె, బొరెగ్ పళ్ళెం, ఎర్ర గళ్ళ గుడ్డలో మూటగట్టి ఉంది. తీసుకెళ్ళి నా సీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా బిగించి, ఇదిగో నీ పెళ్ళాం అన్నాను.

"నీకంటే ఇదే నయం. దీనికి నోరు లేదు" అన్నాడు.

ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. షెడ్డు తలుపులు వేసి ఉండగానే జరిగింది ఇదంతా. ఒక్క పురుగు కూడా చూడలేదు. నేను ఎవరికీ చెప్పలేదు, అత్తయ్యకి కూడా. ఆ సీట్లో నేనుండాల్సింది, పళ్ళెం పెట్టి పంపానని ఏ మొహంతో చెప్పను?

నుబార్, ఈ బొమ్మలో ఆ మూటకి బెల్టు కూడా ఉంది. నువ్వు చూసుకోలేదు. ఎర్ర గళ్ళున్నాయి. ముడి కూడా నేను వేసే చెవుల ముడే.

ఇది ఆయన తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు. ఆయన బతికే ఉన్నాడు. ఎక్కడో కూర్చుని ఇది చేశాడు, నాకు చేరాలనే చేశాడు. పేరు చదివించడం లేదు. ఫాదర్ గారికి ఈ రోజే చెప్పేశాను. సెరోప్‌కి కూడా చెప్పేశాను, ఆయన మళ్ళీ సరే అని వెళ్ళిపోయాడు.

ఆ కారు అమ్మినవాడిని పట్టుకో. నీ ఉంగరాలూ, పళ్ళ డాక్టర్లూ ఆగుతారు.

అజ్నీవ్


బుర్జ్ హమ్మూద్,
1997 జూలై 27

వదినకి,

నీ ఉత్తరం అందింది. పళ్ళెం సంగతి నువ్వు ఇన్నేళ్ళు ఒక్కదానివే మోశావంటే నాకు బాధగా ఉంది. నాకైనా చెప్పాల్సింది.

సంతకి వెళ్ళాను. వాడు రాలేదు. కూతురి పురుడని ట్రిపోలీ వెళ్ళాడట, ఎప్పుడొస్తాడో పక్క కొట్టువాడికి తెలియదు. ప్రతి ఆదివారం వెళ్తాను.

నాకూ ఆశ పుట్టలేదంటే అబద్ధం. మొన్న వీధిలో వెనకనుంచి ఎవడో ఈల వేస్తే గబుక్కున తిరిగాను. అన్నయ్య అలాగే వేసేవాడు కదా. ఎవడో కూరగాయలవాడు.

కానీ ఒకటి తొలుస్తోంది. అన్నయ్య కారు తోలేవాడు, కారు కింద దూరి విప్పేవాడు, కానీ ఇలాంటి సన్నపని ఆయన చేతికి రాదు. నాన్న నేర్పబోతే మూడు రంపపు బ్లేళ్ళు విరగ్గొట్టి పారిపోయిన మనిషి. ఈ చారలు ఒక్క వెంట్రుక కుంచెతో వేసినవి. కారు ఒకసారి తిరిగి పంపు. అడుగున రివెట్లు తీసి లోపలి పని చూస్తాను. పని చేసిన చెయ్యి ఎలాంటిదో పని చెబుతుంది.

నుబార్


అంజార్,
1997 ఆగస్టు 3

నుబార్,

మీ అన్నయ్య చేతకాని వాడా? పద్నాలుగేళ్ళలో మనిషి ఏదైనా నేర్చుకుంటాడు. నాలుగు గోడల మధ్య పడేస్తే అంతకంటే చేసేదేముంటుంది? జైళ్ళనుంచి విడుదలై వచ్చినవాళ్ళు ఆలివ్ గింజలతో దండలు గుచ్చి తెచ్చారు, అందరూ పుట్టుకతో దండలు గుచ్చేవాళ్ళేనా?

నాకు ఇంకో అనుమానం వస్తోంది, దాచుకోవడం నాకు చేతకాదు. నువ్వు నడిపే ఆ నగల షాపు ఆయన పేరున ఉంది. ఆయన రావడం నీకు ఇష్టం లేదా?

రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు. నా బుద్ధి నా చేతుల్లో లేదు. పక్క రోడ్డు మీద ఏ కారు గేరు మార్చినా చేతిలో గిన్నె వదిలేసి వాకిట్లోకి పోతున్నాను. ఇల్లంతా పెట్రోలు వాసన వేస్తోంది, మా పక్కింటావిడకి రావడం లేదట. కంచాలు రెండు పెడుతున్నాను. ఆయన కొలతకి రెండు చొక్కాలు కొన్నాను, తర్వాత లావయ్యాడో చిక్కాడో అని ఏడ్చాను. నిన్న మధ్యాహ్నం కళ్ళు మూసుకుంటే ఆ బొమ్మ కారు తలుపు వేసిన చప్పుడు వినిపించింది. దాని తలుపులు అసలు తెరుచుకోనే తెరుచుకోవు, పోతలోనే అతుక్కుని ఉన్నాయి. నాకు భయంగా ఉంది, ఆ భయం పోకూడదని కూడా ఉంది.

కారు ఫ్లానెల్ గుడ్డలో చుట్టి పంపుతున్నాను. రివెట్లు తీస్తే తీశావు, ఆ మూట మాత్రం ముట్టుకోవద్దు.

అజ్నీవ్


బుర్జ్ హమ్మూద్,
1997 ఆగస్టు 10

వదినకి,

షాపు మాట అన్నావు. ఆ బోర్డు మీద ఇప్పటికీ ముందు అన్నయ్య పేరే ఉంది, ఏటా నేనే నిచ్చెన వేసి తుడుస్తాను. ఇక దాని గురించి మాట్లాడను.

కారు విప్పాను. ఈ ఉత్తరం కూర్చుని చదువు.

కుడి పక్క పని సగంలో ఆగిపోలేదు. చెయ్యాలనుకోలేదు. కుడి తలుపు, కుడి చక్రాలు, వెనక ఇంజను మూత, అన్నీ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి. డ్రైవరు కూర్చునే ఎడమ పక్క మాత్రం తలుపు తాళం చుట్టూ గీసుకుపోయిన గీతలతో సహా ఉంది. లోపలా అంతే. మూటకి గళ్ళు ఎడమ వైపే ఉన్నాయి, కారు తిప్పి అవతలనుంచి చూస్తే ఉత్త తెల్ల ప్లాస్టిక్కు. కాళ్ళ దగ్గర పెడళ్ళకి రంగు లేదు. అన్నయ్య ఆ పెడళ్ళని రాగి బిళ్ళలతో స్వయంగా మార్చుకున్నాడు, గుర్తుందా, వీధంతా పిలిచి చూపించాడు. అది ఆయన మర్చిపోడు.

లోపల ఇంకో వింత ఉంది. డాష్‌బోర్డు మీద కొన్ని మీటర్లు అంకెలతో సహా వేసి, మధ్యలో కొంత మేర వదిలేశాడు. పక్క సీటుకి కూడా కింద భాగం వేసి, పై భాగం వదిలేశాడు. ఎందుకిలా వదిలాడో ఎంత చూసినా నాకు బోధపడలేదు. చివరికి ఉంగరాల అచ్చులకి వాడే మైనంతో చిన్న మనిషిని చేసి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. చేతులు స్టీరింగు మీద పెట్టాను. పైకప్పు బిగించి, ఎడమ కిటికీ దగ్గర ఒక కన్ను మూసి లోపలికి చూశాను.

వదినా, రంగు వేసిన చోటంతా కనిపించింది. వెయ్యని చోటు ఒక్కటీ కనిపించలేదు. అదంతా ఆ మైనపు మనిషి వెనక దాగిపోయింది.

అన్నయ్య ఆ కారు లోపల కూర్చునేవాడు. ఇది చేసినవాడు ఎప్పుడూ ఆ కారులో కూర్చోలేదు. ఎడమ కిటికీ దగ్గర నిలబడి, వంగి, కాసేపు చూశాడు. అప్పుడు అన్నయ్య సీట్లో ఉన్నాడు, పళ్ళెం పక్కన ఉంది.

ఆ రోజుల్లో చెక్‌పోస్టుల దగ్గర కారాపి కిటికీలో తల పెట్టి చూసేవాళ్ళెవరో నీకూ తెలుసు.

నుబార్


అంజార్,
1997 ఆగస్టు 14

నుబార్,

ఆ మైనం బొమ్మని తీసెయ్. ఆయన్ని కూర్చోబెట్టడానికి నీకెవరిచ్చారు హక్కు?

ఆయనకి కుడి కన్ను పోయిందేమో, ఆ మాట ఆలోచించావా? కొట్టి ఉంటారు. ఒక్క కన్నున్న మనిషికి ఒక పక్కే గుర్తుంటుంది. పెడళ్ళంటావా, కాళ్ళు పోయినవాడికి పెడళ్ళతో పనేమిటి? కాళ్ళు లేకపోయినా ఫరవాలేదు, నేను చూసుకుంటాను. అలా వచ్చినా నాకు ఫరవాలేదని రాస్తున్నాను, అర్థమవుతోందా నీకు?

ఆదివారం ద్రాక్షలు దీవిస్తారు. మర్నాడు పేర్లు చదువుతారు. ఆయన పేరు ఉండదు. నాకు ఇక కార్ల పాఠాలు రాయకు.

అజ్నీవ్


బుర్జ్ హమ్మూద్,
1997 ఆగస్టు 27

వదినకి,

రాయవద్దన్నావు. ఇది రాయకుండా ఉండలేను. చింపెయ్యాలనుకుంటే చదివి చింపెయ్.

సంతలో వాడు దొరికాడు. ఒక ఇంటావిడ తన భర్త చేసిన కార్లు ఒక్కొక్కటే ఇస్తూ ఉంటుందట. చిరునామా చెప్పాడు. ఆ పేట పేరు రాయను, నీ సంగతి నాకు తెలుసు, రేపే బస్సెక్కుతావు.

ఆ కార్లు చేసినతను పోయిన శీతాకాలంలో చనిపోయాడు. ఆవిణ్ణి అందరూ కొడుకు పేరు కలిపి ఉమ్ నబీల్ అంటారు. నేనూ ఇదే పని చేస్తాననీ, చూసి పోదామని వచ్చాననీ చెప్పాను. లోపలికి రమ్మని కాఫీ పెట్టింది. గోడకి పొడుగాటి అలమర. దాని నిండా నీలం ఆల్పైన్‌లే. ఒకే కారు వదినా, మళ్ళీ మళ్ళీ ఒకే కారు. అన్నిటికీ అదే సొట్ట, అదే పగులు. అన్నిటిలోనూ పక్క సీట్లో ఎర్ర గళ్ళ మూట. దేనికీ కుడి పక్క పని లేదు.

ఆవిడ మాట్లాడే మనిషి. మా ఆయనకి దేనికీ ఓపిక ఉండేది కాదు, యుద్ధమయ్యాక దీన్ని పట్టుకుని కళ్ళు పాడుచేసుకున్నాడు అంది. బాగా వచ్చింది కదా, ఇక ఇంకేదైనా చెయ్యకూడదా అని అడిగితే, ఇంకా సరిగా రాలేదు అనేవాడట. పక్కన పెట్టి మళ్ళీ కొత్త కారు కొనుక్కొచ్చేవాడట.

ఎవరి కారమ్మా ఇది అని అడిగాను.

ఆయన చివరి జబ్బులో ఒక్కసారే చెప్పాడు అంది. అప్పట్లో ఒక వేసవంతా కొండదారి మీద కార్లు ఆపే పని అతనిది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"కిటికీలోంచి చూస్తుంటే, ఆకలిగా ఉందా తమ్ముడూ అని అడిగాడట ఆ కారాయన. పక్కన బెల్టు కట్టిన మూట చూపించి, ఇది మా ఆవిడ, మాట్లాడదు గానీ రుచిగా ఉంటుంది అని నవ్వాడట. విప్పి ముక్క తీసిచ్చాడట. నేను తిన్నాను, మళ్ళీ మూట కట్టేదాకా నిలబడ్డాను, తర్వాత దిగమన్నాను అన్నాడు మా ఆయన."

తర్వాతేమైందని అడిగాను. వేరేవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారట. ఆ వేసవిలో అటు తీసుకెళ్ళినవాళ్ళలో ఒక్కరూ తిరిగి రాలేదని, ఆ సంగతి దిగమన్నప్పుడే తనకి తెలుసని కూడా చెప్పాడట.

నేనెవరో చెప్పలేదు. నోటిదాకా వచ్చింది. ఆవిడ ఇంకో కప్పు కాఫీ పోసింది, తాగాను. వచ్చేసేటప్పుడు ఒకటి తీసుకెళ్ళమంది. అక్కర్లేదన్నాను. మన దగ్గరున్నది చాలు.

వదినా, అన్నయ్య లేడు. నీకు ఈ మాట నేను రాయాల్సి వచ్చినందుకు నా చేతులు విరిగిపోతే బాగుండుననిపిస్తోంది.

నుబార్


అంజార్,
1997 సెప్టెంబరు 9

నుబార్‌కి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. నీ మీద కోపంతో కాదు. మంచం దిగలేదు. పక్కింటావిడ సూపు తెచ్చి తాగించింది. షాపు గురించి నేనన్న మాట మర్చిపో, మర్చిపోలేకపోతే వచ్చి నా మొహానే తిట్టు.

మొదట ఒకటే పట్టుకుని ఏడ్చాను. వాడు తిన్నాడు. తెల్లవారకముందు లేచి నేను పిండి పరిచి, ఉడకబెట్టి, పొర పొరా వేసింది, నమిలి మింగి, దిగమన్నాడు. వాడూ ఏడ్చే ఉంటాడు, ఆ అలమర నిండా వాడి ఏడుపే కావచ్చు. అయినా నేను క్షమించను, నన్ను ఎవరూ అడగవద్దు. ఆవిడకి మాత్రం నువ్వు నిజం చెప్పకపోవడమే మంచిదయింది.

తర్వాత ఇంకొకటి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇది మా ఆవిడ అన్నాడా? చెక్‌పోస్టు దగ్గర తుపాకి పట్టుకున్నవాడితో కూడా నన్ను ఆట పట్టించాడన్నమాట. ఆ మనిషి అంతే. కోపంతో వెళ్ళలేదు, నుబార్. నవ్వుతూనే ఉన్నాడు. పద్నాలుగేళ్ళుగా నాకు తెలియనిది అదే.

నిన్న ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి పేరు ఇచ్చాను. సోమవారం చదువుతారు. ఎలా రాసుకోమంటావమ్మా అని అడిగారు, జావెన్ అని నా నోటితో చెప్పాను. ఆదివారమే రా. శిలువ పండగ కదా, ఊరంతా రాత్రే హరీసాకి గోధుమలూ మాంసమూ పెద్ద గంగాళాల్లో పొయ్యికెక్కిస్తుంది, నీకు ఇష్టం. సెరోప్ ఏమీ అడగలేదు. ఈ నెలంతా మా గుమ్మం తొక్కలేదు. అడిగితే ఏం చెప్పాలో ఇప్పటికింకా నాకు తెలియదు, కానీ అడిగితే వినగలను.

వచ్చేటప్పుడు కారు తీసుకురా. తెచ్చేముందు దానికి పని ఉంది. వాడికి మీ అన్నయ్య ఒక పక్కనుంచే తెలుసు. వాడు చూసినంత మేరకే మనమూ ఆయన్ని ఉంచుకోవాలా? రెండో పక్క నాకు తెలుసు. నేను కూర్చున్న పక్క అది. రాసుకో.

కుడి తలుపు లోపల పిడి విరిగిపోతే ఆయన చెక్క గరిటె కాడ కోసి బిగించాడు, మా వంటింటి గరిటె. దాని మీద నా పళ్ళ గాట్లుంటాయి, మలుపుల్లో కొరికేదాన్ని. కాళ్ళ దగ్గర రేకు నా మడమలకి అరిగి తెల్లబడింది, బ్రేకు వెయ్యాల్సిన ప్రతిచోటా నేనూ తొక్కేదాన్ని. ముందద్దం కుడి మూల పగులు లేదు, అది శుభ్రంగా ఉండేది, దాంట్లోంచే సముద్రం కనిపించేది. డాష్‌బోర్డు మీద నువ్వు ఖాళీ అన్న చోట గడియారం ఉండేది. నడిచేది కాదు. నేను టైమెంతని అడిగితే, ఎప్పుడూ భోజనాల వేళే అనేవాడు. పెడళ్ళకి రాగి వెయ్యి, బాగా మెరవాలి, వీధంతా పిలిచి చూపించినట్టు మెరవాలి.

పక్క సీట్లోంచి చూస్తే ఆయన కుడి చెంప మీద చిన్న మచ్చ కనిపించేది. అది నీకు చెయ్యడం కుదరదు, తెలుసు. ఊరికే రాశాను.

మూట ఉండనీ. బెల్టు మాత్రం విప్పు. సన్న పని, నీకే వస్తుంది.

చివరగా ఒకటి. ఆ కుడి తలుపు పోతలో అతుక్కుపోయి ఉంది కదా. నీ సన్న రంపంతో చుట్టూ కోసి, బందు వేసి, తెరుచుకునేలా చెయ్యి. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, లోహం విరిగితే మళ్ళీ టంకం పెట్టు. అది తెరుచుకోవాలి నుబార్. నేను దిగాలి.

నీ వదిన,
అజ్నీవ్